వరద తీశాకే వ్యానుకు అసలు పని

వరద తగ్గుముఖం పట్టగానే ఫోన్లలో ఒక సందేశం చక్కర్లు కొడుతుంది. “నీళ్లు తీశాయి, గండం గడిచింది. మందుల వ్యాన్లు తిరిగేది ఫొటోల కోసమే. నిజంగా జబ్బు చేసినవాళ్లు ఆస్పత్రికే వెళ్తారు. ముందు శవాలను తొలగించండి, అంటురోగాలు వచ్చేది వాటివల్లే.” చదవడానికి నికార్సైన మాటల్లాగే ఉంటాయి.

గండం గడిచిందా? ఎలుకల మూత్రం కలిసిన బురదలో పగిలిన కాళ్లతో నడిచినవారికి లెప్టోస్పైరోసిస్ సోకితే, జ్వరం బయటపడడానికి 2 నుంచి 30 రోజులు పడుతుంది. ప్రవాహం మొదట దోమల గుడ్లను ఊడ్చుకుపోతుంది. తర్వాత నిలిచిన గుంటల్లో అవి మళ్లీ పెరిగి, మలేరియా కేసులు ఎక్కువయ్యేసరికి 6 నుంచి 8 వారాలు గడవవచ్చు. తొందరపడేది కలరా. కలుషితమైన నీరు తాగిన 12 గంటల్లోనే పట్టుకోగలదు.

ఫొటోల మాటలో కొంత నిజముంది, ఒప్పుకుంటాను. మొదటి వారంలో వచ్చి, సాయంత్రానికి బ్యానరు చుట్టుకుని వెళ్లిపోయే శిబిరం పైవాటిలో చాలా జబ్బులను చూడనే చూడదు. అలాగని వ్యాన్లు ఆపేస్తే ఎలా? అదే వ్యాను, వీలైతే అదే డాక్టరు, వారం వారం రావాలి.

ఇక “ఆస్పత్రికే వెళ్తారు” అన్నది. రాసినవారి ఇంటి ముందు రోడ్డు ఉండి ఉంటుంది. గట్టు కింద గుడారాల్లో ఉండేవారికి దారి తెగింది, కూలి పోయింది, చికిత్స కాగితాలు తడిసి ముద్దయ్యాయి. క్షయకు మామూలుగా 6 నెలలు మానకుండా మందు వేసుకోవాలి. ఆ మాత్రలు నీటిపాలైతే ఆ పూటకు ఏ బాధా తెలియదు, కాబట్టి ఎవరూ ఆస్పత్రికి పరిగెత్తరు. మధుమేహం, రక్తపోటు మందులదీ ఇదే కథ.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచేస్తే చాలదా అని కొందరు దీనికి తోక తగిలిస్తారు. మామూలు ప్యాకెట్టు లీటరు నీటికి. సామానంతా కొట్టుకుపోయిన ఇంట్లో లీటరు కొలిచేది దేనితో? ఒక్క గ్లాసులో మొత్తం కలిపి తాగిస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకే ముప్పు. వ్యానులో వచ్చిన నర్సు, ఆ ఇంట మిగిలిన గిన్నెలో లీటరు సీసాతో నీళ్లు పోసి, ఆ మట్టం దగ్గర మేకుతో గీత గీసి ఇస్తుంది. ఆ గీత ప్యాకెట్టు మీద అచ్చయి రాదు, మనిషి వెళ్లి గీయాల్సిందే.

శవాల సంగతి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎన్నోసార్లు చెప్పింది. వరదలో మునిగి చనిపోయినవారి దేహాల వల్ల మహమ్మారులు పుట్టవు. కలరా వంటి రోగాలతో పోయినవారి విషయం వేరు. భయపడి హడావిడిగా సామూహిక ఖననం చేస్తే, ఎవరు ఎవరో తెలియక కుటుంబాలే అల్లాడతాయి. రోగాలు ఎక్కువగా వచ్చేది బతికినవారి మురుగు తాగునీటిలో కలవడం వల్ల. అందుకే వ్యానులో మందుల పెట్టె పక్కన క్లోరిన్ పరీక్ష కిట్టు కూడా ఉండాలి. పంపు దగ్గర లీటరు నీటిలో 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందో లేదో నిమిషాల్లో తేలుతుంది.