సవరణ: కైఫియత్తులో ఉన్న మా వంశావళి గురించి

మా ఊరి కైఫియత్తులో (ఊరి చరిత్ర, వివరాలు రాయించిన పాత రికార్డు) కాకతీయ ప్రతాపరుద్రుడి కాలం నుంచి ఏడు తరాల పేర్లున్నాయని, కాబట్టి మా వంశావళి ఖాయమని పోయినసారి రాశాను. అది తప్పు. ఆ మాట నమ్మి తమ వంశవృక్షంలో కలుపుకున్నవాళ్లు దయచేసి తీసేయండి.

మళ్లీ కూర్చుని లెక్కేశాను. ప్రతాపరుద్రుడి పాలన 1323లో ముగిసింది. ఈ కైఫియత్తు రాసింది 1810 ప్రాంతంలో. మధ్యలో దాదాపు 490 ఏళ్లు. ఏడు తరాలంటే తరానికి 70 ఏళ్లు! అలా కుదరదు. నడుమ చాలా పేర్లు జారిపోయాయి, లేదా మొదటి పేరు గొప్ప కోసం చేర్చిందే.

ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి ఇవి రాయించుకున్నారు. చాలాచోట్ల వివరాలు చెప్పింది కరణాలే. మిరాశీ హక్కు (వంశపారంపర్య హక్కు) పాతదని చూపించుకోవడం వాళ్లకు అవసరం కూడా. అలాగని కైఫియత్తును పక్కన పడేయక్కర్లేదు. చెప్పిన మనిషి, అతని తండ్రి, తాత, ఈ మూడు పేర్లూ నేను ఉంచుతున్నాను. ఆ పైవి శాసనంలోనో, పాత దానపత్రంలోనో కనబడితేనే కలుపుతాను. తర్వాతి తరాలకు 1860 నాటి ఇనాం రిజిస్టర్లు (పన్ను మినహాయింపుతోనో, తగ్గింపుతోనో ఇచ్చిన భూముల పట్టీలు) చూస్తున్నాను. వాటిలో ఇనాందారు పేరుతో పాటు వయసు కూడా ఉంటుంది.