చదవకుండా విశ్లేషించడం: ఒక సమగ్ర పరిశీలన

మన విశ్వవిద్యాలయాల్లో సాహిత్య విద్యార్థులు పుస్తకాలు చదవడం మానేశారన్న అపవాదు ఒకటి బాగా వ్యాపించింది. స్టాఫ్‌రూముల్లోనూ, స్పాట్ వాల్యుయేషన్ శిబిరాల్లోనూ, సదస్సుల భోజనాల వరుసల్లోనూ పెద్దలు ఇదే మాట చెప్పుకుని నిట్టూరుస్తున్నారు. విద్యార్థుల వ్యాసాలు దిద్ది జీతం తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి ఈ అపవాదును ఖండించే బాధ్యత నాపై ఉంది. మన విద్యార్థులు చదవడం మానలేదు, చదవవలసిన అవసరాన్నే అధిగమించారు. నవల అట్ట తెరవకుండా, సినిమా ఒక్క రీలైనా చూడకుండా, దానిమీద పన్నెండు పుటల విశ్లేషణ రాసి ప్రథమ శ్రేణి మార్కులు తెచ్చుకోవడం సామాన్యులకు పట్టుబడే విద్య కాదు. అష్టసిద్ధుల జాబితాలో దీనికి చోటు దక్కకపోవడానికి ఆ కాలంలో సెమిస్టర్ పద్ధతి లేకపోవడమే కారణమై ఉంటుంది.

ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు ఎలాగో విద్యార్థి వ్యాసానికీ కొన్ని అనివార్యమైన వర్ణనలున్నాయి. కావ్యం ఆశీస్సుతోనో, నమస్కారంతోనో, వస్తునిర్దేశంతోనో మొదలుకావాలని సంస్కృత ఆలంకారికుడు దండి విధించాడు. మన వ్యాసం మాత్రం సాహిత్యం సమాజానికి దర్పణం వంటిదని పెద్దలు చెప్పారన్న వాక్యంతోనే మొదలవుతుంది. ఆ పెద్దల ఊరూ పేరూ ఏ గ్రంథసూచిలోనూ దొరకవు. ఆ తరువాత నవల ఆవిర్భావ వికాసాలు వస్తాయి. కందుకూరి వీరేశలింగం 1878లో వివేకవర్ధనిలో రాజశేఖర చరిత్రమును వరుసగా ప్రకటించడం ఆరంభించిన సంగతి చెప్పనిదే, నిన్నగాక మొన్న అచ్చయిన నవల గడప తొక్కడానికి ఏ విద్యార్థికీ అనుమతి లేదు. సినిమా మీద వ్యాసమైతే భక్త ప్రహ్లాద దగ్గర బయలుదేరి కాలినడకన రావాలి. ఇలా వస్తూ వస్తూ అసలు రచన పొలిమేరకు చేరేసరికి పుటల పరిమితి పూర్తవుతుంది. అక్కడ ‘గ్రంథవిస్తర భీతిచే’ అని ఒక మాట వేసి, ఈ అంశంపై మరింత పరిశోధన జరగవలసిన అవసరం ఎంతైనా ఉందని ముగిస్తారు. చదవవలసిన పుస్తకం పేరు శీర్షికలో ఒకసారి, ముగింపులో ఒకసారి వస్తుంది. మధ్యలో దాన్ని ఇబ్బంది పెట్టరు.

కన్యాశుల్కం సంగతే చూడండి. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో కొత్త నాటకమన్నంతగా గురజాడ తిరగరాసిన రచన అది. వ్యాసాల్లో మాత్రం ‘గురజాడ తన కన్యాశుల్కం నవలలో’ అని నిస్సంకోచంగా ఉంటుంది. దిద్దేవారు నవల అన్న మాట చుట్టూ ఎర్ర సిరాతో ఒక సున్నా చుడతారు గానీ మార్కులు తగ్గించరు. ఆ వాక్యంలో తక్కిన భాగం నవలకైనా, నాటకానికైనా, పంచాంగానికైనా సరిపోయేటట్లు ఉంటుంది కనుక తగ్గించడం న్యాయం కాదు కూడా. ఇక పాత్రచిత్రణ. గిరీశం కుహనా సంస్కరణకు ప్రతీక, అగ్నిహోత్రావధానులు మూర్ఖత్వానికి ప్రతీక, బుచ్చమ్మ అమాయకత్వానికి ప్రతీక, మధురవాణి స్త్రీ చైతన్యానికి ప్రతీక. ఇందరు ప్రతీకలు తిరుగుతున్న ఆ విజయనగరంలో, రామచంద్రపురం అగ్రహారంలో, మనుషులన్నవారు ఎవరైనా కాపురం ఉండేవారా అన్న సందేహం నాకు అప్పుడప్పుడు కలుగుతుంది.

పూటకూళ్ళమ్మను కూడా ఒకరు వదలలేదు. ఆమె స్వయం ఉపాధికి ప్రతీక అట, ఆమె చేతిలోని చీపురుకట్ట పారిశుద్ధ్య చైతన్యానికి ప్రతీక అట. ఆ చీపురు పట్టుకుని ఆవిడ మధురవాణి ఇంటికి వచ్చినప్పుడు మంచం కింద ఇద్దరు మగవాళ్ళు ఇరుక్కుని ఉన్నారనీ, ఆ దెబ్బ ఒకరికి ఉద్దేశిస్తే మరొకరికి తగిలిందనీ, ఆ ఘట్టం చదివితే కడుపు చెక్కలవుతుందనీ రాసినవారు మాత్రం ఎవరూ తగల్లేదు. నవ్వు సిలబస్‌లో ఏ యూనిట్ కిందకు వస్తుందో తెలియనప్పుడు విద్యార్థిని తప్పుపట్టి లాభం లేదు.

సినిమాల దగ్గరికి వచ్చేసరికి ఈ విద్య మరింత ఎత్తుకు వెళ్ళింది. కె.వి. రెడ్డి 1957లో తీసిన మాయాబజార్‌లో పాండవులు ఎక్కడా కనిపించరు. వారి కొడుకులు, బంధువులు, శత్రువులు తెరనిండా తిరుగుతుంటారు గానీ ఆ ఐదుగురూ రారు. భారత కథను పాండవులు లేకుండా అంతసేపు నడిపిన ఆ నేర్పును సినిమా ఎరిగినవారు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. నా బల్లమీదికి వచ్చిన వ్యాసాల్లో మాత్రం ధర్మరాజు సౌమ్యత, భీముడి ఆగ్రహం, అర్జునుడి పుత్రవాత్సల్యం ఆ చిత్రంలో ‘కళ్ళకు కట్టినట్లు’ చూపబడ్డాయి. తెరమీద లేనివారిని కళ్ళకు కట్టించుకోగలిగిన ఈ శక్తి ముందు మార్కస్ బార్ట్లీ కెమెరా మాయలన్నీ దిగదుడుపే. నేను ఆ వ్యాసానికి మంచి మార్కులే వేశాను. భీముడి మీద రాసిన పేరా నిజంగా బాగుంది.

తెలుగు శాఖలో రససిద్ధాంతం ఇంకా సజీవంగా ఉందనడానికి మరొక నిదర్శనం. 1989లో వచ్చిన శివ సినిమాలో కథానాయకుడు సైకిల్ చైను ఊడబెరికే ఘట్టాన్ని ఒక విద్యార్థి రౌద్రరస దృష్టితో పరిశీలించి, ప్రత్యర్థి కోపానికి ఆధారమైన ఆలంబన విభావమనీ, చైను దాన్ని రెచ్చగొట్టే ఉద్దీపన విభావమనీ, పిడికిలి బిగియడం దాన్ని బయటపెట్టే అనుభావమనీ నిర్ధారించాడు. నాట్యశాస్త్రకర్త భరతముని చైనును ఎందుకు ప్రస్తావించలేదన్న చర్చకు మరొక రెండు పుటలు ఖర్చయ్యాయి. ఆ సైకిల్ స్వంతదారు ఆ సాయంత్రం ఇంటికి ఎలా చేరాడన్న కరుణరసం మాత్రం ఎక్కడా పోషింపబడలేదు.

ఇంగ్లీషు శాఖ పిల్లలకు భరతముని అక్కరలేదు, వారికి ఫ్రెంచి తాత్త్వికులు ఫూకో, దెరిదా ఉన్నారు. జంధ్యాల తీసిన అహ నా పెళ్ళంట సినిమాలో కోట శ్రీనివాసరావు వేసిన పిసినారి, కోడిని తాడుకు వేలాడదీసి, దానివంక చూస్తూ వట్టి అన్నం తింటాడు. ఇళ్ళలో ఈనాటికీ కూర తక్కువైన రోజున తలుచుకుని నవ్వుకునే దృశ్యం అది. ఒక విద్యార్థి దీనిమీద గంభీరమైన పత్రం రాస్తూ, వేలాడే కోడి వినియోగ సంస్కృతిలో అందని సరుకుకు సూచిక అని తేల్చి, 1991 నాటి ఆర్థిక సరళీకరణ మధ్యతరగతి దేహాలపై చూపిన ప్రభావాన్ని ఈ చిత్రం సమర్థంగా ప్రతిబింబించిందని కొనియాడాడు. చిత్రం విడుదలైంది 1987లో. కార్యం ముందు పుట్టి, నాలుగేళ్ళకు కారణం పుట్టడమన్నది మన తార్కికులకు కూడా తట్టని పరిణామం. మౌఖిక పరీక్షలో ఈ సంగతి అడిగితే, కాలాన్ని సరళరేఖగా భావించడమే వలసవాద దృక్పథమని సమాధానం వచ్చింది. నేను నోరు మూసుకున్నాను.

వలసవాదం అంటే గుర్తుకు వచ్చింది. 2023 మార్చిలో ఆస్కార్ వచ్చినప్పటి నుంచి నాటు నాటు పాట లేని అసైన్‌మెంటు నా చేతికి రాలేదు. ఆ పాట వెనుక కనిపించే భవనపు స్తంభాలు, మెట్లు, కిటికీలు భారతీయుణ్ణి చిన్నబుచ్చడానికి బ్రిటిషువారు ఎలా నిర్మించారో మూడు పుటల్లో వివరించిన వ్యాసం ఒకటుంది. ఆ పాట తీసింది ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, మరియిన్‌స్కీ ప్రాసాదం ముందు. అది ఆ దేశాధ్యక్షుడి అధికార లాంఛనాల భవనం. దాన్ని కట్టినవారికి భారతీయుణ్ణి చిన్నబుచ్చాలన్న ఆలోచన వచ్చి ఉంటుందని నేను అనుకోను గానీ, వ్యాసంలో ఉపపత్తులు పుష్కలంగా ఉన్నాయి.

ఇంత స్వతంత్రమైన ఆలోచనకు గ్రంథచౌర్యం అంటగట్టడం మరొక అన్యాయం. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం యూజీసీ 2018లో నియమావళి తెచ్చి, ఇతరుల రచనలతో పది శాతం దాకా పోలికను మన్నించి, అరవై శాతం దాటితే పరిశోధక విద్యార్థి నమోదునే రద్దు చేయమన్నది. దీనివల్ల కలిగిన మేలు ఎవరూ గుర్తించలేదు. పోలిక తగ్గించడానికి ప్రతి మాటకూ పర్యాయపదం వెతకవలసి రావడంతో, మూలబడిన అమరకోశం మళ్ళీ హాస్టల్ గదుల్లోకి ప్రవేశించింది. వాక్యంలోని స్త్రీ అతివగానూ, సమాజం సంఘంగానూ, సూర్యుడు దినకరుడుగానూ మారిపోయాయి. ఒక వ్యాసంలో కన్యాశుల్కమే వధూమూల్యంగా మారి, గురజాడవారికి రాయని నాటకం ఒకటి దక్కింది. ఇంత శ్రమ పడలేనివారికి డీటీపీ సెంటర్లు అండగా ఉన్నాయి. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు యూనికోడ్ కాదు కనుక, పోలికలు వెతికే యంత్రానికి అది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కలగాపులగంగా కనిపిస్తుంది. అటువంటి రచన లోకంలో మరొకటి లేదని ఆ యంత్రం ధ్రువీకరించక తప్పదు.

సిద్ధాంత గ్రంథంలో ఎవరినీ చూసి రాయని భాగం ఒకటి ఉంటుందని నా అనుభవం, అది కృతజ్ఞతల పుట. వేళకు కాఫీ ఇచ్చిన గైడుగారి సతీమణి, మెస్ బకాయి అడగని మేనేజరు, రాత్రి పదకొండుకు షట్టరు మళ్ళీ ఎత్తి బైండింగ్ చేసిపెట్టిన జిరాక్స్ షాపు కుర్రాడు ఆ పుటలో సజీవంగా నిలబడతారు. వారిలో ఒక్కరూ దేనికీ ప్రతీక కారు. నేను దిద్దవలసిన గ్రంథాల్లో ముందుగా ఆ పుటే చదువుతాను, ఒక్కోసారి అక్కడితో ఆపుతాను కూడా.

ఈ మధ్య సంభాషణా యంత్రాలు వ్యాసాలు రాసిపెడుతున్నాయని నా సహోద్యోగులు కలత చెందుతున్నారు. నాకు ఆ కలత లేదు. ఒక యంత్రం రాసిన వ్యాసంలో ఏడో అంకంలో మధురవాణి వకీలు సౌజన్యారావు పంతులును వివాహమాడి స్త్రీ జనోద్ధరణకు బాటలు వేసింది. యంత్రం లేని రోజుల్లో మా విద్యార్థులు ఆమెకు ఇంతకంటె మంచి సంబంధాలే చూశారు. మన వ్యాసాలను మేపి పెంచిన యంత్రం మనలాగే రాస్తే దిగులుపడవలసింది యంత్రం తల్లిదండ్రులు.

ఇంత క్రమశిక్షణ నడుమ ఒక్క అపశ్రుతిని మాత్రం నమోదు చేయక తప్పదు. మొన్నటి సెమిస్టరులో ఒక అమ్మాయి కన్యాశుల్కం మీద రాసిన వ్యాసం దర్పణం లేకుండా మొదలైంది. గిరీశం శిష్యుడు వెంకటేశం తల్లి వెంకమ్మ ముచ్చటపడి, మా అబ్బాయీ మీరూ ఇంగ్లీషులో మాట్లాడండి బాబూ అని గిరీశాన్ని అడిగే ఘట్టాన్ని ఆమె ఎత్తుకుంది. గిరీశం పసిపిల్లల నక్షత్రాల పాట అందుకుంటాడు, వెంకటేశం గుడారంలో తెల్లవాడున్నాడని వాచకంలోని వాక్యం అప్పజెబుతాడు. గిరీశం తగలబడుతున్న ఓడమీది కుర్రవాడి పద్యం విసురుతాడు, వెంకటేశం రేఖాగణితం వల్లిస్తాడు. ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ పొత్తు లేదు, అయినా తల్లికి ఎదుట జరుగుతున్నది మహావిద్వద్గోష్ఠి. దీన్ని బస్సులో చదువుతూ పైకి నవ్వేస్తే పక్కసీటు ఆవిడ జరిగి కూర్చుందని ఆ అమ్మాయి రాసింది. అంతటితో ఆగక, ‘సిద్ధాంతాల పేర్లు విసురుకుంటూ మేము సెమినార్లలో చేసేది ఇదే, వెంకమ్మ స్థానంలో ఎవరు కూర్చుంటారో రాయడానికి మాత్రం భయంగా ఉంది’ అని చేర్చింది.

ఆ వ్యాసానికి అత్తెసరు మార్కులు వేయవలసి వచ్చిందని చెప్పడానికి విచారిస్తున్నాను. ఆవిర్భావ వికాసాలు లేవు, ప్రతీకలు లేవు, సామాజిక స్పృహ అన్న మాట ఒక్కచోటైనా లేదు, పైగా ‘నాకు నవ్వొచ్చింది’ అన్న ఉత్తమ పురుష ప్రయోగం ఉంది. ఆమెను పిలిచి హితవు చెప్పాను. ‘అంటే చదివినట్టు తెలియకూడదా, సార్?’ అని అడిగింది. తెలిసినా ఫరవాలేదు, మొదటి అధ్యాయంలో తెలియకూడదని వివరించాను. సవరించి తెచ్చిన ప్రతిలో ఆ ఘట్టమంతా ‘గురజాడ ఆంగ్ల విద్యావిధానంపై వ్యంగ్యాస్త్రాలు సంధించారు’ అన్న ఏకవాక్యంగా కుదించబడింది. బస్సు లేదు, పక్కసీటు ఆవిడ లేదు, నాలుగు పుటల వికాసం మాత్రం ఉంది. ప్రథమ శ్రేణి ఇచ్చాను.

ఈ సంప్రదాయాన్ని భావితరాలకు అందించే సంకల్పంతో ‘విద్యార్థి వ్యాసాలు, సామాజిక స్పృహ: ఒక పరిశీలన’ అన్న అంశంపై రెండు రోజుల జాతీయ సదస్సు తలపెట్టాము. ఒక్కొక్క పత్రానికి ఐదు నిమిషాలు కేటాయించాము. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి తీరికగా ప్రసంగించిన పిమ్మట అది రెండు నిమిషాలవుతుంది కనుక, సమయాభావం వల్ల శీర్షిక మాత్రమే చదివి ముగిస్తున్నానన్న వాక్యాన్ని ప్రతినిధులందరూ ఇంటివద్దనే అభ్యాసం చేసుకుని రావలెను. విద్యార్థి వ్యాసాలను చదివి ఉండాలన్న నిబంధన ఏదీ లేదు. రుసుము చెల్లించినవారికి ఐఎస్‌బీఎన్ సంపుటిలో చోటు, సంచి, భోజనం, సర్టిఫికెట్ లభిస్తాయి. స్వయంగా రాలేనివారికి సర్టిఫికెట్ పోస్టులో పంపబడును, పోస్టు ఖర్చులు అదనం.