పదమూడో గోల్ కొడితే తప్పా?

ఫుట్‌బాల్ మ్యాచ్ ఏకపక్షంగా సాగితే చాలు, ఆట కన్నా అభిమానుల గోలే ఎక్కువైపోతుంది. 2019 మహిళల ప్రపంచకప్‌లో అమెరికా 13-0తో థాయ్‌లాండ్‌ను ఓడించినప్పుడు ఎంత రచ్చ! "ఇన్ని గోల్స్ అవసరమా, పైగా ఆ సంబరాలేంటి?" అని. అయ్యా, గ్రూప్ దశలో పాయింట్లు సమమైతే గోల్స్ తేడానే చూస్తారు. అయినా ప్రపంచకప్‌లో మొదటి గోల్ కొట్టిన అమ్మాయి గంతెయ్యకుండా ముఖం వేలాడేసుకోవాలా?

ఈ జాలి బ్రెజిల్ దగ్గరికొచ్చేసరికి ఎటు పోతుందో మరి. 2014 పురుషుల ప్రపంచకప్ సెమీఫైనల్లో 23వ నిమిషానికి ముందు జర్మనీ ఆధిక్యం 1-0. 29వ నిమిషం దాటేసరికి 5-0. లేచెళ్లి గ్లాసుడు నీళ్లు తాగొచ్చేలోపు మ్యాచ్ అయిపోయింది! చివరికి 7-1. స్టాండ్స్‌లో ఏడుస్తున్న వాళ్ల ముఖాలతో మీమ్సే మీమ్స్.

అన్నిటికన్నా ఒళ్లు మండేది "ఇలాంటి చిన్న జట్లను అసలెందుకు ఆడనిస్తారు?" అనే మాట. 2001లో ఆస్ట్రేలియా చేతిలో 31-0తో ఓడిన పసిఫిక్ దీవుల జట్టు అమెరికన్ సమోవాను ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. పాస్‌పోర్ట్ చిక్కులతో అసలు ఆటగాళ్లు దూరమై, పదిహేనేళ్ల కుర్రాళ్లు కూడా ఆడారని ఎవరికి కావాలి? 2011లో అదే జట్టు టోంగాను 2-1తో ఓడించింది. రెండు మ్యాచ్‌ల్లోనూ గోల్‌కీపర్ ఒకడే, నిక్కీ సలాపు. వలలోంచి 31 సార్లు బంతి తీసిన మనిషి. ఆ గెలుపు గురించి అడగండి, నవ్వేవాళ్లలో సగం మందికి తెలియదు.