ఆ జాయ్‌స్టిక్ వైర్లని ఇల్డా పోర్టుకి కలపకండి

లేజర్ లైట్ల పని చేసే కుర్రాళ్ల ఫోన్లలో ఈ మధ్య ఒక చిట్కా బాగా తిరుగుతోంది. సారాంశం ఇది: "ఒక జాయ్‌స్టిక్ మాడ్యూల్, ఒక ఆర్డుయినో ఊనో (చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు) కొనండి. జాయ్‌స్టిక్ ఎక్స్, వై వైర్లని లేజర్ వెనక ఉండే 25 పిన్నుల ఇల్డా పోర్టులో (బీమ్‌ని నడిపే సిగ్నళ్లు బయటినుంచి వచ్చే సాకెట్) ఎక్స్, వై పిన్నులకి కలపండి. సిగ్నల్ నునుపుగా కావాలంటే ఆర్డుయినో మధ్యలో పెట్టండి. రంగుల పిన్నులన్నీ 5 వోల్టులకి కట్టేయండి. డ్యాక్ (అంకెలని వోల్టేజిగా మార్చి లేజర్‌కి పంపే పరికరం) అక్కర్లేదు, ల్యాప్‌టాప్ అక్కర్లేదు, లేటు ఉండదు. చెయ్యి ఎటు తిప్పితే బొమ్మ అటు. బీమ్ మీ చేతిలోనే ఉంటుంది కాబట్టి ప్రమాదమూ లేదు."

జాయ్‌స్టిక్‌తో లేజర్ నడపాలన్న ఆలోచన మీద నాకేం పేచీ లేదు. మౌస్ పట్టుకుని ముందే సిద్ధం చేసిన ఎఫెక్టుల బటన్లు (క్యూలు) నొక్కుతూ కూర్చోవడం కంటే పాట ఊపుకి చేత్తో బీమ్‌లని ఊపడం ఎంతో బాగుంటుంది. అలాంటి కంట్రోలర్ చేసుకోవడం కష్టమూ కాదు. పేచీ అంతా దాన్ని ఎక్కడ తగిలించమంటున్నారన్న దగ్గరే.

"ఎక్స్, వై పిన్నులకి నేరుగా కలపండి"

ఇల్డా పోర్టులో ఎక్స్‌కి ఉండేది ఒక్క పిన్ను కాదు, రెండు. 1వ పిన్ను ఎక్స్ ప్లస్, 14వది ఎక్స్ మైనస్. వైకి అలాగే 2, 15. ఈ జతలో ఒకటి +5 వోల్టులకి వెళ్తే రెండోది -5కి వెళ్తుంది. లోపల అద్దాలని తిప్పే మోటార్లని (గాల్వోలని) నడిపే డ్రైవర్ చూసేది ఆ రెంటి మధ్య తేడాని. అది -10 నుంచి +10 దాకా, అంటే మొత్తం 20 వోల్టుల మేర తిరుగుతుంది. తేడా సున్నా అయినప్పుడే బీమ్ మధ్యలో ఉంటుంది.

జాయ్‌స్టిక్ ఇచ్చేదేమో 0 నుంచి 5. మైనస్ వోల్టేజి దాని దగ్గర లేదు. మైనస్ పిన్నుని గ్రౌండ్ చేసి కలిపినా 20లో 5 వోల్టులే దక్కుతాయి: అడ్డంగా పావు వంతు, నిలువుగా పావు వంతు. మొత్తం తెరలో పదహారో వంతు ముక్కలో, అదీ మధ్య నుంచి ఒక మూల వైపుకి, బీమ్ కదులుతుంది. చెయ్యి వదిలేస్తే స్ప్రింగ్ జాయ్‌స్టిక్‌ని నిటారుగా నిలబెడుతుంది, వోల్టేజి 2.5 దగ్గర ఆగుతుంది, బీమ్ మాత్రం మధ్యకి రాదు. కదిలింది కదా అని సంబరపడితే అది ఆ చిన్న ముక్కలో కదిలిన సంబరమే.

దీనికి మందు ఉంది. ప్లస్ 12, మైనస్ 12 వోల్టుల సప్లై ఇచ్చి టీఎల్072 లాంటి ఆప్ యాంప్ చిప్‌తో సిగ్నల్‌ని మధ్యకి జరిపి, పెంచి, తిరగేసిన కాపీని రెండో పిన్నుకి ఇవ్వొచ్చు. అంత కష్టపడి చేసినా తర్వాతి మాట దగ్గర బండి ఆగిపోతుంది.

"చెయ్యి ఎటు తిప్పితే బొమ్మ అటు"

ఏ బొమ్మ? లేజర్ ప్రొజెక్టర్ లోపల బొమ్మ లేదు. ఉన్నది ఒక చుక్క, దాన్ని అటూ ఇటూ విసిరే రెండు చిన్న అద్దాలు. దీపావళికి కాకరపువ్వొత్తిని గిరగిరా తిప్పితే వెలుగు చక్రంలా కనిపిస్తుందే, అదే కిటుకు. కాకపోతే ఒత్తిని చేత్తో తిప్పితే సెకనుకి రెండు మూడు చుట్లు. గోడ మీద వధూవరుల పేర్లు మినుకుమనకుండా నిలబడాలంటే బొమ్మ మొత్తాన్ని సెకనుకి ఇరవై ముప్ఫై సార్లయినా మళ్లీ మళ్లీ గీయాలి. ఇల్డా టెస్ట్ ప్యాటర్న్ ప్రకారం ఒక స్కానర్ (అద్దాల జత) "30K" అని చెప్పుకుంటోందంటే, 8 డిగ్రీల వెడల్పులో సెకనుకి 30,000 పాయింట్లు సరిగ్గా గీయగలదని అర్థం. 500 పాయింట్ల బొమ్మయితే సెకనుకి 60 సార్లు. ఇంత వేగంగా పాయింట్లు పంపే పనే డ్యాక్‌ది. ఒక పాయింటు నుంచి దూరంగా ఉన్న ఇంకో పాయింటుకి దూకేటప్పుడు రంగులు ఆర్పేది కూడా అదే. రంగుల పిన్నులన్నీ 5 వోల్టులకి కట్టేశాక ఆర్పడమన్న మాటే లేదు, దూకిన ప్రతి చోటా గీత పడుతుంది.

కాబట్టి జాయ్‌స్టిక్ బొమ్మ గీయలేదు. ఇంకెవరో గీస్తున్న బొమ్మని జరపగలదు, పెంచగలదు, తిప్పగలదు. దాని పని అదే, అది చాలా పెద్ద పని కూడా.

ఈ తేడా ఇవాళ కొత్తగా కనిపెట్టిందేం కాదు. 1973 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ అబ్జర్వేటరీలో ఐవన్ డ్రయర్ లేజేరియం అనే లేజర్ షో మొదలుపెట్టాడు. ఆపరేటర్ కన్సోల్ ముందు కూర్చుని ప్రేక్షకుల ఎదుటే లైవ్‌గా నడిపేవాడు. అక్కడ కూడా సుడులు తిరిగే ఆకారాలని గీసింది ఆసిలేటర్లు (అలల్లాంటి సిగ్నళ్లని పుట్టించే సర్క్యూట్లు). ఆపరేటర్ చెయ్యి వాటి సైజుని, వేగాన్ని, చోటుని మార్చేది. కంప్యూటర్ లేకుండా, చేత్తో నడిపే షో కావాలనుకునేవాళ్లు పాఠం నేర్చుకోవాల్సింది ఆ కన్సోల్ నుంచి.

"ఆర్డుయినో మధ్యలో పెడితే సిగ్నల్ నునుపవుతుంది"

ఎక్కువమంది వాడే ఊనో ఆర్3 లో అసలు డ్యాక్ లేదు. కోడ్‌లో అనలాగ్ రైట్ అన్న ఆదేశం పేరు చూసి మోసపోకండి. చాలా పిన్నుల మీద బయటికి వచ్చేది సెకనుకి 490 సార్లు 0కి, 5కి మధ్య కొట్టుకునే పల్స్. గాల్వోకి అంత వేగం లెక్కలోది కాదు, దాని వెంట పరిగెత్తాలని చూస్తుంది. ఒక చుక్క కావాల్సిన చోట రెండు కొసలున్న గీత కనిపిస్తుంది, గాల్వోలు అనవసరంగా వేడెక్కుతాయి. రెసిస్టర్, కెపాసిటర్ పెట్టి సాఫు చేస్తే చెయ్యి కదిలాక బీమ్ నిదానంగా జారుకుంటూ వస్తుంది. చేసేదేదో ఎంసీపీ4922 లాంటి 12 బిట్ల డ్యాక్ చిప్‌తో చేయొచ్చు. ఈఎస్‌పీ32లో రెండు డ్యాక్‌లు ఉన్నాయి గానీ అవి 8 బిట్లవే, అంటే 256 మెట్లే. 40 డిగ్రీల వెడల్పుతో 10 మీటర్ల దూరంలోని గోడ మీద తెర సుమారు 7.3 మీటర్లు. దాన్ని 256 మెట్లుగా కోస్తే ఒక్కో మెట్టు దాదాపు 3 సెంటీమీటర్లు, నెమ్మదిగా జరిపితే కుదుపు కళ్లకి కనిపిస్తుంది. 12 బిట్లయితే (4,096 మెట్లు) 2 మిల్లీమీటర్ల లోపే.

"ల్యాప్‌టాప్ పెడితే లేటు"

జాయ్‌స్టిక్ కదలికని ల్యాప్‌టాప్‌కి మిడి (సంగీత పరికరాలు మాట్లాడుకునే పద్ధతి) ద్వారా పంపొచ్చు. పాత ఐదు పిన్నుల కేబుల్ మీద కూడా ఒక మిడి సందేశం వెళ్లడానికి పట్టేది సుమారు ఒక మిల్లీసెకను. లేటు వస్తే అది సాఫ్ట్‌వేర్ బఫర్ (పంపే ముందు డేటా కొంత పోగయ్యే చోటు) దగ్గర వస్తుంది, సెట్టింగ్స్‌లో తగ్గించుకునే వీలుందేమో చూసుకోండి. జాయ్‌స్టిక్‌ది మాత్రం తప్పు కాదు.

"బీమ్ మీ చేతిలోనే ఉంది, ప్రమాదం లేదు"

అన్నిటికంటే నన్ను కంగారుపెట్టేది ఈ మాట. అద్దాలు తిరుగుతున్నప్పుడు బీమ్ ఏ కంటి మీదైనా తృటిలో దాటిపోతుంది. అది కూడా పూర్తి భద్రత కాదు గానీ, ఆగిపోయిన బీమ్ ముందు అది ఎంతో నయం. ఈ చిట్కా చెప్పినట్టు కడితే మీరు చెయ్యి ఆపిన ప్రతిసారీ అన్ని రంగులూ పూర్తి పవర్‌తో ఒకే చోట నిలబడతాయి. 500 మిల్లీవాట్లు దాటిన లేజర్ క్లాస్ 4 (అన్నిటికంటే ప్రమాదకరమైన వర్గం) కిందికి వస్తుంది. చేతిలో పట్టుకునే 5 మిల్లీవాట్ల పాయింటర్‌తో పోలిస్తే ఒక వాటు లేజర్ 200 రెట్లు. మనిషి రెప్ప వేయడానికి పావు సెకను పడుతుంది. ఒక వాటు బీమ్ తిన్నగా పడితే రెటీనా కాలడానికి అంతసేపు అక్కర్లేదు. బరాత్‌లో, నిమజ్జనం ఊరేగింపులో బండి మీద కట్టిన లేజర్ తరచూ మనుషుల ముఖాల ఎత్తులోనే ఉంటుందన్నది గుర్తుంచుకుని ఈ లెక్క చదవండి. అమెరికాలో ఆపరేటర్ పక్కనే ఉన్న షోల్లో సైతం, ప్రేక్షకులు నిలబడే నేలకి 3 మీటర్ల పైనే బీమ్‌లు ఉండాలన్నది మామూలు నిబంధన. ప్రేక్షకుల మీదికి వేయాలంటే విడిగా అనుమతి కావాలి.

జాయ్‌స్టిక్‌ని నొక్కితే పనిచేసే బటన్‌ని "లేజర్ ఆఫ్" అనుకోవడం ఇంకో పొరపాటు. ఆర్డుయినో హ్యాంగ్ అయితే ఆ బటన్‌కి విలువ లేదు. ఇల్డా కేబుల్‌లో 4, 17 పిన్నులు ఇంటర్‌లాక్ లూప్ (తెగితే లేజర్ ఆరిపోయే భద్రతా వలయం) కోసం ఉన్నాయి. కొన్ని మెషీన్లకి దానికోసం విడి సాకెట్ ఉంటుంది. ఎర్ర పుట్టగొడుగు ఆకారపు ఎమర్జెన్సీ స్విచ్‌ని ఆ లూప్‌లో నేరుగా పెట్టండి, మధ్యలో ఏ బోర్డూ వద్దు. జాయ్‌స్టిక్ బటన్‌ని తిరగేసి వాడండి: పట్టుకున్నంతసేపే వెలుగు, వదిలితే చీకటి. దీనికి తోడు ప్రొజెక్టర్ ముఖం మీద కింది సగాన్ని రేకుతో మూసేస్తే, కోడ్‌లో ఎంత తప్పు చేసినా బీమ్ కిందికి దిగదు.

మరి ఎక్కడ తగిలించాలి? డ్యాక్, సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లు ఊనో మాని లియోనార్డో గానీ ప్రో మైక్రో గానీ (ఇవీ ఆర్డుయినో తరహా బోర్డులే) తీసుకోండి. వాటిలోని 32యూ4 చిప్ యూఎస్‌బీ మీద తనంతట తనే మిడి పరికరంలా కనిపించగలదు. మామూలు మిడి కంట్రోల్‌లో 128 మెట్లే ఉంటాయి. పిచ్ బెండ్ అనే మిడి సందేశాన్ని మీ సాఫ్ట్‌వేర్ తీసుకుంటే అందులో 16,384 మెట్లు దొరుకుతాయి కాబట్టి జాయ్‌స్టిక్ చదివే 1,024 మెట్లూ పోకుండా వెళ్తాయి. మధ్యలో కొంచెం డెడ్ జోన్ (చిన్న కదలికని పట్టించుకోని చోటు) పెట్టండి, చవక జాయ్‌స్టిక్‌లు సరిగ్గా మధ్యకి ఎప్పుడూ రావు.

డీఎంఎక్స్ (స్టేజి లైట్లని నడిపే సిగ్నల్ పద్ధతి) మాత్రమే వాడే చిన్న ప్రొజెక్టర్లకి ఊనో చాలు, పక్కన సిగ్నల్‌ని డీఎంఎక్స్ లైన్‌కి తగ్గట్టు మార్చే ఒక మ్యాక్స్485 చిప్, ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్. ప్యాటర్న్‌ని మెషీనే గీసుకుంటుంది, మీరు చోటు చెబితే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: చాలా చవక మెషీన్లలో కదలిక ఛానెల్‌లో 0 నుంచి 127 వరకే చోటు, 128 నుంచి ఆటోమేటిక్ ఊపు మొదలవుతుంది. జాయ్‌స్టిక్‌ని 255 దాకా పంపితే సగం దాటగానే లేజర్ తన ఇష్టం వచ్చినట్టు ఊగుతుంది, వైరింగ్ తప్పేమో అని మీరు బోర్డు విప్పుతారు. ముందు మీ మోడల్ ఛానెల్ చార్ట్ తెరిచి, కోడ్‌లో ఆ హద్దు పెట్టుకోండి.