నవ్వుల మాటున వెలివేత

స్వలింగ సంపర్కులపై పలు దేశాలు మళ్లీ కత్తి కట్టాయి. ఉగాండా 2023లో తెచ్చిన చట్టం కొన్ని సందర్భాల్లో మరణశిక్షకూ వీలు కల్పించింది. అదే ఏడాది నవంబరులో రష్యా సుప్రీంకోర్టు వారి ఉద్యమంపై తీవ్రవాద ముద్ర వేసింది. స్వలింగ సంపర్కుల హక్కుల కోసం జరిపే ప్రైడ్ ఊరేగింపులను నిషేధించే చట్టాన్ని హంగేరీ 2025లో చేసింది. అయినా ఆ జూన్‌లో ఆ దేశ రాజధాని బుడాపెస్ట్ వీధులు జనంతో నిండిపోవడం కొంత ఊరట. ఈ కక్ష వినోదాన్నీ వదల్లేదు. మలేసియాలో కౌలాలంపూర్ సమీపాన 2023 జులైలో వేదికపై ఇద్దరు పురుష కళాకారులు ముద్దు పెట్టుకున్నారని ఏకంగా సంగీతోత్సవాన్నే రద్దు చేశారు.

తెలుగు తెరకు నిషేధాలతో పని లేకపోయింది. ఆ పని నవ్వులే చేస్తున్నాయి. ఏ కామెడీ కార్యక్రమమైనా చూడండి. చెయ్యి వంచి, నడుము తిప్పుతూ ఒకడు వస్తాడు. పక్కవాడు ఉలిక్కిపడి దూరం జరుగుతాడు. వెనుక ఒక వింత సంగీతం. న్యాయనిర్ణేతలు కుర్చీల్లో విరగబడి నవ్వుతారు. మరునాడు తిరుపతిలో ఏ కాలేజీ బస్సులోనో, నడక మెత్తగా ఉన్న కుర్రాడి మీద అదే డైలాగు పడుతుంది. వాడు ఇంటికొచ్చి ఎవరితో చెప్పుకోవాలి? హాల్లో అందరూ చూస్తున్నది ఆ కార్యక్రమమే.

సంస్కృతి పేరుతో దీన్ని సమర్థించడం ఈ ఊళ్లో చెల్లదు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మీసాలున్న మగవారు చీర కట్టి, పూలు పెట్టుకుని, గాజులు తొడుక్కుని మొక్కు తీర్చుకుంటారు. పాలెగాడిని (స్థానిక పాలకుడిని) వెతుకుతూ గంగమ్మే వేషాలు మార్చిందని ఇక్కడి కథ. జాతర మొక్కు వేరు, ఇద్దరు మగవారి ప్రేమ వేరు. రెండింటినీ ఒక గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. కానీ చీరలో ఉన్న మగవాడికి దండం పెట్టే ఊరికి, తెరపై అదే రూపాన్ని చూసి వెక్కిరించడం ఎవరు నేర్పారు?

పరస్పర సమ్మతితో సాగే స్వలింగ సంబంధం నేరం కాదని మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చింది. 2023లో వివాహ హక్కును మాత్రం నిరాకరించింది. అది మాకు నిరాశ కలిగించిన తీర్పు. ఇద్దరు వయోజన యువతులు కలిసి జీవించే హక్కును 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిలబెట్టింది. వారిలో ఒకరిని నిర్బంధించారన్న ఆరోపణ కన్నతండ్రి మీదే వచ్చింది. అంత భయం, అంత పరువు బెంగ ఇళ్లలోకి చేరడంలో మన తెర వాటా చిన్నది కాదు.

2021లో సవరించిన కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం ప్రేక్షకుడి ఫిర్యాదును చానెల్ 15 రోజుల్లో పరిష్కరించాలి. ఇలాంటి స్కిట్ కంటపడినప్పుడు తిరుపతి, చిత్తూరు ప్రేక్షకులు కార్యక్రమం పేరు, ప్రసారమైన తేదీతో ఫిర్యాదు రాయాలని కోరుతున్నాం. చానెళ్లు అంతదాకా ఆగకుండా, స్క్రిప్టు దశలోనే ఆ వెక్కిరింత పాత్రను కొట్టివేయాలి.