సన్నబ్రష్ గారికి ఒక విన్నపం

నంబర్ 1 రౌండ్ బ్రష్ గారికి,

నమస్కారాలు. 16 బై 20 అంగుళాల కాన్వాస్ మీద అక్రిలిక్‌తో అరకు కొండలు వేయబోతున్నాం. ఈసారికి తమరు డబ్బాలోంచి బయటికి రాకండి. తమరి ప్రతిభ మీద అనుమానం లేదు. గాలికొండ మీద ఆకులెన్నో చెప్పగలిగేది తమరే. చిక్కల్లా, అంత దూరం నుంచి ఆ ఆకులు మా కంటికి కనబడవు.

దూరం పెరిగేకొద్దీ మధ్యలో ఉన్న గాలీ తేమా ముదురు రంగుల్ని వెలిసిపోయేట్టు చేస్తాయి, నీలం మిగులుతుంది. దాన్ని పట్టాలంటే కావాల్సింది ఓపిక కాదు, వెడల్పు. ముందు కాన్వాస్ అంతా పల్చగా బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు. పై పూతల సందుల్లోంచి ఆ వెచ్చదనమే తొంగిచూస్తుంది. ఆకాశం వేసి, అది ఆరాక, రెండంగుళాల ఫ్లాట్ బ్రష్‌తో అన్నిటికంటే వెనకున్న కొండల వరస: తెలుపు నాలుగు వంతులు, అల్ట్రామెరైన్ అనే ముదురు నీలం ఒక వంతు, సియెన్నా చిటికెడు. ముందుకొచ్చే ప్రతి వరసకీ తెలుపు సగానికి సగం తగ్గాలి. అన్నిటికంటే ముందున్న కొండకి తెలుపే వద్దు. అల్ట్రామెరైన్, సియెన్నా సమంగా కలిపితే నల్ల ట్యూబు మూత తీయక్కర్లేదు, అందులోనే కాస్త శాప్ గ్రీన్ అనే ఆకుపచ్చ. అక్రిలిక్ ఆరితే ముదురుతుంది కనక ప్యాలెట్ మీద ఒక పిసరు లేతగానే ఉంచాలి. వరస పైఅంచు పదునుగా వదిలి, కింది అంచు తడిగా ఉండగానే గుడ్డతో అద్దితే లోయలోకి మంచు దిగుతుంది.

వాలు ఎటుంటే బ్రష్ అటు, ఒకే ఒక్క లాగు. లాగాక చేతులు కట్టుకోవాలి.

సరిగ్గా అప్పుడే తమరు "ఒక్క నిమిషం, ఇక్కడ చిన్న చెట్టు" అంటూ దిగుతారు. సగం ఆరిన రంగుని గెలికితే పైపొర ఉండలు కట్టి లేచొస్తుంది, కింద సియెన్నా బోడిగుండులా బయటపడుతుంది. దాన్ని కప్పడానికి పచ్చ, పచ్చని అణచడానికి ఎరుపు, ఎరుపుని సర్దడానికి తెలుపు. అడుసు తొక్కనేల అన్నారు గానీ, తమరు ఆ అడుసుని స్వయంగా తయారుచేస్తారు.

ఫ్రాన్స్‌లో సెజాన్ అనే పెద్దమనిషి సెయింట్ విక్టోయిర్ కొండని పదేపదే వేశాడు. 1906లో పోయేముందు వేసినవాటిలో చెట్లూ ఇళ్లూ ఉత్త రంగు ముక్కలే. ఆకులేవని కొండ అడగలేదు.

ముందున్న వలిసె పూల చేను సంగతీ అంతే. బ్రష్‌కి చిక్కటి పసుపు పట్టించి, గుడ్డకి తుడిచి, పడుకోబెట్టి ఈడిస్తే చాలు, కాన్వాస్ గరుకే పూలు పూయిస్తుంది. తమరైతే రేకులు లెక్కపెడతారు.

కుడివైపు కింది మూలన సంతకం మాత్రం తమరికే వదిలాం. పేరు కింద గీత గీస్తే గీయండి, దానికి ఆకులు పెట్టకండి.

ఇట్లు,
కొండలు వేసేవాళ్లం