ఆపరేషన్ బోనులనే ఆశ్రయంగా మారిస్తే కుక్కలు తగ్గవు

విశాఖలో కుక్కల షెల్టర్లను పెంచాల్సిందే, అందులో రెండో మాట లేదు. 2025 నవంబర్ 7 నాటి సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత అది తప్పించుకోలేని పని కూడా. బడులు, కాలేజీలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని వీధి కుక్కల్ని పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి షెల్టర్‌కు తరలించాలని, మళ్లీ అక్కడే వదలకూడదని కోర్టు చెప్పింది. మన ఊళ్లో ఏయూ క్యాంపస్, కేజీహెచ్, ఆర్టీసీ కాంప్లెక్స్ లాంటివన్నీ ఈ కోవలోకే వస్తాయి. అంతకుముందు ఆగస్టు 22న ఇచ్చిన ఆదేశంలో మాత్రం, రేబిస్ సోకినవీ మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని పట్టుకొచ్చిన వీధిలోనే వదలమంది.

దీంతో షెల్టర్‌కు రెండు రకాల కుక్కలు చేరతాయి. కొన్ని ఆపరేషన్ గాయం మానేదాకా ఉండి వెళ్లిపోతాయి. మిగతావి చచ్చేదాకా అక్కడే ఉంటాయి, పదేళ్లయినా సరే. రెంటినీ ఒకేచోట కలిపేస్తే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. 100 బోనులున్న కేంద్రంలో ఒక్కో కుక్కను 5 రోజులు ఉంచితే రోజుకు 20 ఆపరేషన్లు చేయొచ్చు. అందులో 60 బోనులు శాశ్వతంగా ఉండేవాటితో నిండిపోతే, మిగిలిన 40తో రోజుకు 8 దాటవు. ఆడకుక్క దాదాపు 63 రోజుల్లో ఈనుతుంది, ఈతకు నాలుగైదు పిల్లలు. ఆపరేషన్లు మందగిస్తే కొన్ని నెలల్లోనే వీధిలో తేడా తెలుస్తుంది. ఫిర్యాదులు పెరుగుతాయి, కుక్కల బండి మళ్లీ బయల్దేరుతుంది, షెల్టర్ మళ్లీ కిక్కిరిసిపోతుంది.

అందుకే ఆపరేషన్ కేంద్రం వేరుగా, శాశ్వత ఆశ్రయం వేరుగా ఉండాలి. స్థలం వేరు, సిబ్బంది వేరు, పద్దు కూడా వేరు. ఉన్న షెడ్డు పక్కనే ఇంకో షెడ్డు వేసి, రిబ్బన్ కత్తిరించి, విస్తరించామని చెప్పుకుంటే ఒప్పుకోకూడదు.

ఇరుకుకు ముందు బలయ్యేవి కుక్కపిల్లలే. పార్వో అనే అంటు వైరస్ సోకిన పిల్లకు వాంతులు, రక్త విరేచనాలు మొదలైతే రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు లొంగదు, బ్లీచింగ్ పట్టించి కాసేపు నాననివ్వాలి. జబ్బు పిల్ల ఉన్న గది ఊడ్చిన చీపురుతోనే పక్క గది కూడా ఊడిస్తే అంతే సంగతులు, ఆ వరుసంతా పడకేస్తుంది. కొత్తగా వచ్చినవాటికి వేరే గది, వేరే గిన్నెలు, వేరే చీపురు, ఆ గదిలో పనిచేసేవాళ్లకు వేరే చెప్పులు ఉండాలి. వీటికి పెద్దగా ఖర్చవదు, కానీ టెండర్ కాగితాల్లో ఎవరూ రాయరు. నాకు బాధ కలిగించేది అదే. గదులు లేకపోవడం వల్ల కాదు, చీపురు వేరుగా లేకపోవడం వల్ల పిల్లలు చచ్చిపోవడం!

కట్టేటప్పుడు మన వాతావరణాన్ని కూడా మరిచిపోకూడదు. తీరంలో మే నెల ఉక్కపోతకు రేకుల షెడ్డు కింద ఏ జంతువూ నిలవలేదు. 2014లో హుద్‌హుద్ గాలికి రేకులు ఎలా లేచిపోయాయో ఈ ఊరికి వేరే చెప్పక్కర్లేదు. పైకప్పు స్లాబ్ ఉండాలి, గాలి ఆడాలి, నీళ్లు నిలవని నేల కావాలి.

మూగజీవాల విషయంలో విశాఖ వెనకబడిన ఊరేమీ కాదు. వీధి కుక్కల్ని చంపడమే చాలా మున్సిపాలిటీల పద్ధతిగా ఉన్న 1990లలోనే, 1996లో వీఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ ఇక్కడ పుట్టింది. కుక్కల సంతాన నియంత్రణపై కేంద్రం నిబంధనలు వచ్చింది 2001లో. అలాంటి చోట ఊరికి దూరంగా, డంపింగ్ యార్డు పక్కన స్థలం చూపించి చేతులు దులుపుకుంటానంటే మన నగరపాలక సంస్థ జీవీఎంసీకి తగదు. బస్సు వెళ్లని చోటికి కుక్కను ఇంటికి తీసుకెళ్లి పెంచుకునేవాళ్లు రారు, సాయం చేసే కుర్రాళ్లూ రారు.

పెంచుకునేవాళ్లు రాకపోతే శాశ్వత ఆశ్రయం ఎంత పెద్దదైనా నిండిపోతుంది. ఎంవీపీ కాలనీలోనో మధురవాడ ఫ్లాట్లలోనో వేలు పోసి హస్కీని కొనే ఇళ్లున్న ఊరిది. టీకాలు వేసిన, ఆపరేషన్ అయిన దేశీ పిల్లను ఆ ఇళ్లకు చూపించేవాళ్లే లేరు. ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డుకు ఊరంతా నడకకు వస్తుంది. జీవీఎంసీ అక్కడ ఒక టెంట్ వేయాలి. కుక్కపిల్లలతో పాటు టీకా కార్డులు పెట్టి, డాక్టర్‌నొకరిని కూర్చోబెట్టాలి. ఆ నెలలో షెల్టర్‌కు ఎన్ని వచ్చాయో, ఎన్ని ఇళ్లకు చేరాయో, ఎన్ని చనిపోయాయో అదే టెంట్ దగ్గర బోర్డు మీద రాయాలి.